ఖాళీ వచ్చిందని పిలిచారు: టెక్సస్ రేంజర్స్ ముగ్గురు కుర్ర పిచ్చర్ల కేస్ స్టడీ

అమెరికాలో ఏ బేస్‌బాల్ క్లబ్ అయినా ఇరవై, ఇరవై రెండేళ్ల పిచ్చర్‌ని (బంతి వేసేవాణ్ణి) మేజర్ లీగ్‌కి పిలిచిందంటే చాలు, మర్నాడు పొద్దున్నుంచే ఒకటే గోల. తొందరపడ్డారని సగం మంది, ఇంత ఆలస్యమా అని మిగతా సగం. పిచింగ్ డేటా చూడటమే నా పని కాబట్టి ఈ గోల సీజన్ పొడుగునా చెవిన పడుతూనే ఉంటుంది. నాకు మాత్రం ఆ ప్రశ్నే పక్కదారి అనిపిస్తుంది. కుర్రాడు తయారయ్యాడని పిలుపు రావడం చాలా అరుదు. పైన ఎవరికో మణికట్టు విరిగితే వస్తుంది, ఎవరికో మోచెయ్యి నొప్పి పెడితే వస్తుంది, టికెట్లు అమ్ముడుపోక యజమాని తల పట్టుకుంటే వస్తుంది. ఖాళీ ఎప్పుడు వస్తుందో క్లబ్ చేతిలో ఉండదు. పిలిచాక మూడో వారం ఏం చేయాలి, కుర్రాణ్ణి చితక్కొట్టిన మర్నాడు ఏం చేయాలి అనేది మాత్రం పూర్తిగా క్లబ్ చేతిలోనే ఉంటుంది. నేను చూసేది అది ముందే రాసిపెట్టుకున్నారా లేదా అన్నదే.

ఈ కేసుకి టెక్సస్ రేంజర్స్‌ని తీసుకున్నాను. ఒకే క్లబ్‌లో 1973 నాటి ఘోరమూ ఉంది, 2024, 2025 నాటి జాగ్రత్తా ఉంది, ఆ జాగ్రత్తలోని లోపాలూ ఉన్నాయి. ఇంకో కారణం, డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద ఉండే రేంజర్స్ డబుల్-ఏ జట్టు ఆడేది డాలస్ దగ్గరి ఫ్రిస్కోలోనే. ఈ ముగ్గురిలో ఇద్దరు ఆ ఊరి గ్రౌండ్‌లో బంతులు వేసినవాళ్లే. అందులో ఒకడి పేరు కుమార్ కావడంతో "మనవాడేనా?" అని అడిగేవాళ్లకి కొదవలేదు. కుమార్ రాకర్ తల్లి లలిత భారత సంతతి, తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి, తర్వాత కోచ్ అయినవాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు అంతే, ఇక ఆట సంగతికి వస్తాను.

బేస్‌బాల్ అలవాటు లేనివాళ్లకి రెండు ముక్కలు. మేజర్ లీగ్ జట్టు కింద వరసగా ట్రిపుల్-ఏ, డబుల్-ఏ, హై-ఏ, సింగిల్-ఏ అని మైనర్ లీగ్ మెట్లు ఉంటాయి. డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు ఏటా వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, ఎంత పైన ఎంపికైనా మామూలుగా ఆ మెట్లు ఎక్కాల్సిందే. రంజీ ఆడకుండా నేరుగా టెస్టుకి దించితే మనం ఎలా ముక్కున వేలేసుకుంటామో, ఇక్కడ మెట్లు దాటించినా అలాగే. ఈఆర్ఏ అంటే పిచ్చర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడో చెప్పే లెక్క, ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి అందులో కలపరు. మూడుకి అటూ ఇటూ ఉంటే చాలా మంచిది, అయిదు దాటితే ఉద్యోగానికి ఎసరు. ముగ్గుర్ని అవుట్ చేస్తే పిచ్చర్‌కి ఒక ఇన్నింగ్స్; 11.2 అని రాస్తే పదకొండు ఇన్నింగ్స్, మీద ఇద్దరు అవుట్ అని అర్థం. బ్యాటర్ ముందు ఉండే ఊహా చట్రం స్ట్రైక్ జోన్. బంతి అందులో పడినా, బ్యాటర్ ఊపి తప్పినా స్ట్రైక్; బయట పడ్డదాన్ని వదిలేస్తే బాల్. మూడు స్ట్రైకులైతే స్ట్రైకవుట్, నాలుగు బాల్స్ అయితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి వెళతాడు, అది వాక్. కౌంట్ 2-0 అంటే రెండు బాల్స్, సున్నా స్ట్రైకులు. మ్యాచ్ మొదటి నుంచి బంతి వేసేవాడు స్టార్టర్, అలా వేస్తే ఒక స్టార్ట్. స్టార్టర్లు వంతులవారీగా వేసే వరస రొటేషన్.

1973: టికెట్ల కోసం పిలిచిన కుర్రాడు

డేవిడ్ క్లైడ్ హ్యూస్టన్ కుర్రాడు, ఎడమచేతి వాటం. వెస్ట్‌చెస్టర్ హైస్కూల్లో ఆఖరి సంవత్సరం 18 గెలిచి ఒక్కటీ ఓడలేదు. 1973 జూన్ డ్రాఫ్ట్‌లో రేంజర్స్ మొట్టమొదటి ఎంపిక. వయసు 18. అప్పటికి రేంజర్స్ వాషింగ్టన్ నుంచి టెక్సస్‌కి వచ్చి రెండో ఏడే. జట్టు అధ్వానం, ఆ ఏడాది 105 మ్యాచ్‌లు ఓడింది. స్టాండ్లు ఖాళీ. యజమాని బాబ్ షార్ట్‌కి డబ్బు కటకట. దాంతో కుర్రాణ్ణి ఒక్క మైనర్ లీగ్ మ్యాచ్ కూడా ఆడించకుండా జూన్ 27న మిన్నెసోటా ట్విన్స్ మీద నేరుగా మౌండ్ (పిచ్చర్ నిలబడే గట్టు) ఎక్కించారు. ఆర్లింగ్టన్ స్టేడియంలో ఆ రోజు 35,698 మంది. ఆ క్లబ్ టెక్సస్‌కి వచ్చాక స్టేడియం నిండటం అదే మొదటిసారి. జనం ఇంకా రోడ్ల మీదే ఉన్నారని మ్యాచ్ కాస్త ఆలస్యంగా మొదలుపెట్టారు కూడా.

ఆ మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్ చూస్తే కేసంతా అందులోనే ఉంది. మొదటి ఇద్దరు బ్యాటర్లకీ వాక్ ఇచ్చేశాడు, ఇద్దరిలో ఒకడు సాక్షాత్తూ ఆనాటి మేటి బ్యాటర్ రాడ్ కేరూ. తర్వాత వరసగా ముగ్గుర్నీ స్ట్రైకవుట్ చేశాడు. స్టేడియం ఊగిపోయింది. మొత్తం అయిదు ఇన్నింగ్స్, ఒక్కటే హిట్ (అది హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది), 8 స్ట్రైకవుట్లు, 7 వాక్‌లు. రేంజర్స్ 4-3తో గెలిచారు, విజయం క్లైడ్ ఖాతాలో పడింది.

ఆ రాత్రి చూసినవాళ్లకి ఎనిమిది స్ట్రైకవుట్లు గుర్తుండిపోతాయి. నాలాంటివాడి కన్ను ఏడు వాక్‌ల మీదే ఉంటుంది. అయిదు ఇన్నింగ్స్‌లో ఏడు వాక్‌లంటే కుర్రాడికి బంతిని కావలసినప్పుడు స్ట్రైక్ జోన్‌లో పెట్టడం ఇంకా రాదు. బ్యాటర్లకి ఆ సంగతి రెండు మూడు వారాల్లో తెలిసిపోతుంది. మేనేజర్ వైటీ హెర్జోగ్‌కి ఇది బాగా తెలుసు. రెండు మ్యాచ్‌లు ఆడించి, జనాన్ని చూపించి, కుర్రాణ్ణి మైనర్స్‌కి పంపాలన్నది ఆయన కోరిక, మొదట అనుకున్నదీ అదే. కానీ గల్లాపెట్టె గలగలలాడటం మొదలయ్యాక ఎవరు పంపుతారు? ఆ సీజన్ అంతా పైనే ఉంచారు, 4 గెలుపులు, 8 ఓటములు, ఈఆర్ఏ 5.01. సెప్టెంబర్లో హెర్జోగ్ ఉద్యోగమే పోయింది. క్లైడ్ భుజం దెబ్బతింది, ఆపరేషన్ అయింది, తర్వాత క్లీవ్‌లాండ్‌కి వెళ్లాడు, 1979 తర్వాత మేజర్ లీగ్‌లో మళ్లీ కనిపించలేదు. అప్పటికి 24 ఏళ్లు. మొత్తం 18 గెలుపులు, 33 ఓటములు.

ఇంకో తమాషా ఏమిటంటే, ఆ రాత్రి అవతల ఆడిన ట్విన్స్ కూడా వారం తిరిగేసరికి, జూలై 4న, అదే డ్రాఫ్ట్‌లో తీసుకున్న ఎడీ బేన్ అనే కాలేజీ పిచ్చర్‌ని నేరుగా మేజర్స్‌లో దించారు. అతని కెరీర్ కూడా అంతంతమాత్రమే.

క్లైడ్ కథ చెప్పేటప్పుడు అందరూ "హైస్కూల్ నుంచి నేరుగా తెచ్చారు, అందుకే పాడయ్యాడు" అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ రెండు మ్యాచ్‌ల తర్వాత కింద మెట్టుకి పంపి ఉంటే ఇదంతా రెండు వారాల ముచ్చటగా మిగిలిపోయేదేమో. తేవడం కన్నా ఉంచేయడం పెద్ద తప్పు. కింద ఏం నేర్పాలో, ఎన్నాళ్లు నేర్పాలో ఎక్కడా రాసి లేదు. ఉన్న ఒక్క మాటా గేటు దగ్గర వసూళ్లు చూసి గాలికి పోయింది.

జాక్ లైటర్: అసలు తొందర ఎప్పుడు జరిగింది?

యాభై ఏళ్లు దాటొద్దాం. జాక్ లైటర్ 2021 డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక. తండ్రి ఆల్ లైటర్ మేజర్స్‌లో 19 సీజన్లు ఆడిన పిచ్చర్, అంటే ఇంట్లోనే పాఠశాల. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో 2021 సీజన్లో 179 స్ట్రైకవుట్లు. విచిత్రం, అదే జట్టులో కుమార్ రాకర్‌వీ సరిగ్గా 179.

రేంజర్స్ 2022లో లైటర్‌ని కింది మెట్లన్నీ దాటించి నేరుగా ఫ్రిస్కోకి, డబుల్-ఏకి పంపారు. కాలేజీలో అంత ఆడినవాడికి సింగిల్-ఏ ఎందుకని వాళ్ల లెక్క. ఫలితం 92.2 ఇన్నింగ్స్‌లో 56 వాక్‌లు, ఈఆర్ఏ 5.54. రెండో ఏడూ అయిదు పైనే. 2024 ఏప్రిల్ 18న డెట్రాయిట్‌లో మేజర్ లీగ్ తొలి మ్యాచ్: నాలుగో ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేదు, ఏడు పరుగులు ఇచ్చాడు. జట్టు 9-7తో గెలిచింది కాబట్టి సరిపోయింది. ఆ సీజన్లో పైకి కిందికి తిరుగుతూ మేజర్స్‌లో 35.2 ఇన్నింగ్స్ వేశాడు, ఈఆర్ఏ 8.83. "తొందరపడి పిలిచారు" అని అందరూ దుమ్మెత్తిపోశారు.

నా లెక్కలో తొందర 2024లో జరగలేదు, 2022లోనే జరిగింది. డబుల్-ఏ మెట్టు చిన్నది కాదు. అక్కడి బ్యాటర్లు జోన్ బయటి బంతిని వదిలేయడం నేర్చినవాళ్లు. కాలేజీలో లైటర్ ఫాస్ట్‌బాల్ జోన్ పైభాగంలో లేచినట్టు కనిపిస్తూ వెళుతుంటే కుర్రాళ్లు గాల్లో బ్యాట్ ఊపేవాళ్లు. డబుల్-ఏలో ఊపడం మానేశారు. ఊపకపోతే అది బాల్ అవుతుంది. 2-0 అవుతుంది, 3-1 అవుతుంది. అప్పుడు పిచ్చర్‌కి ఉన్న దారి ఫాస్ట్‌బాల్‌ని నడిమధ్యలో వేయడమే, బ్యాటర్‌కి కావలసిందీ అదే. మొదటి మెట్టులో నేర్చుకోవాల్సిన పాఠాన్ని మూడో మెట్టులో, జనం ముందర, స్కోర్‌బోర్డు మీద నేర్చుకోవాల్సి వచ్చింది.

అయితే రేంజర్స్ చేసిన ఒక పని నాకు బాగా నచ్చింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2023 సీజన్ మధ్యలో లైటర్‌ని డెవలప్‌మెంట్ లిస్టులో పెట్టారు, అంటే గాయం లేకపోయినా మ్యాచ్‌ల నుంచి తప్పించి, వెనకాల కూర్చోబెట్టి బంతి వేసే తీరు సరిచేశారు. డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా తెచ్చినవాణ్ణి ఆట మధ్యలో ఆపాలంటే గుండె ధైర్యం కావాలి. పత్రికలు రాస్తాయి, ఏజెంట్ ఫోన్ చేస్తాడు. అయినా ఆపారు. 2024లో ట్రిపుల్-ఏ రౌండ్ రాక్‌లో 77 ఇన్నింగ్స్‌కి 110 స్ట్రైకవుట్లు తీశాడు. మేజర్స్‌లో చితకబాదినప్పుడల్లా తిరిగి వెళ్లి పని చేసుకునే చోటు ఒకటి ఉంది. 2025లో ఛేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపిస్తూ నెమ్మదిగా వచ్చే బంతి) మెరుగుపరుచుకున్నాడు, ఏప్రిల్లో వేలికి బొబ్బ ఎక్కి కొన్నాళ్లు ఆగినా సీజన్ మొత్తమ్మీద 29 స్టార్ట్‌లు చేశాడు, 10 గెలుపులు, 10 ఓటములు, ఈఆర్ఏ 3.86. ఏడాది క్రితం 8.83 ఉన్నవాడే! క్లైడ్‌కి దొరకనిది అదే, చెడిన చోట నుంచి వెనక్కి వచ్చి నిలదొక్కుకునే వ్యవధి.

కుమార్ రాకర్: చెయ్యి చెప్పిన షెడ్యూల్

కుమార్ కథ ఇంకా మెలికలు తిరిగింది. 2019లో వాండర్‌బిల్ట్ మొదటి ఏడాది కుర్రాడిగా డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైకవుట్లతో ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో ఎంపికగా తీసుకున్నారు, 60 లక్షల డాలర్లకి మాట కుదిరింది, వైద్య పరీక్షల తర్వాత వాళ్లు సంతకం చేయలేదు. భుజానికి చిన్న ఆపరేషన్ చేయించుకుని, 2022లో ఫ్రాంటియర్ లీగ్ అనే చిన్న స్వతంత్ర లీగ్‌లో ఆడి, మళ్లీ డ్రాఫ్ట్‌కి వస్తే రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకున్నారు. చాలామంది నోరెళ్లబెట్టారు. 2023లో హై-ఏ జట్టు హికరీలో ఆరు స్టార్ట్‌లు, 28 ఇన్నింగ్స్, 42 స్ట్రైకవుట్లు, అంతలో మోచేతి లిగమెంటు పోయింది, టామీ జాన్ సర్జరీ. ఏడాది పైన ఆట లేదు.

2024 జూలైలో మళ్లీ మొదలుపెట్టి అరిజోనా, ఫ్రిస్కో, రౌండ్ రాక్ మీదుగా సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మేజర్ లీగ్ మౌండ్ మీదున్నాడు. నాలుగు ఇన్నింగ్స్, ఒక పరుగు, 7 స్ట్రైకవుట్లు. అప్పటికి డ్రాఫ్ట్ తర్వాత మైనర్స్‌లో మొత్తం వేసింది 65 ఇన్నింగ్స్ లోపే, ట్రిపుల్-ఏలో రెండంటే రెండు స్టార్ట్‌లు. మర్నాడే అదే స్టేడియంలో రేంజర్స్ మేటి పిచ్చర్ జేకబ్ డిగ్రామ్ కూడా అదే సర్జరీ నుంచి కోలుకుని తిరిగొచ్చాడు.

ఈ పిలుపు తొందరే అన్నవాళ్లున్నారు. నేను కాదంటాను, నా కారణాలివి. రేంజర్స్ అంతకుముందు ఏడాది చాంపియన్లు, కానీ 2024లో 78 గెలిచి 84 ఓడారు, సెప్టెంబర్ నాటికి పోగొట్టుకునేది ఏమీ లేదు. సర్జరీ తర్వాత ఆ ఏడాది కుమార్ చేతిలో మిగిలిన ఇన్నింగ్స్ కొన్నే. వాటిని ట్రిపుల్-ఏలో ఖర్చుపెట్టాలా, పైన పెట్టాలా? పైన పెడితే మేజర్ లీగ్ బ్యాటర్లు ఏ బంతిని వదిలేస్తున్నారో, ఏ బంతిని బాదుతున్నారో క్లబ్‌కి తెలుస్తుంది, చలికాలమంతా పనిచేసుకోవడానికి పాఠం దొరుకుతుంది. మూడు స్టార్ట్‌లు, 11.2 ఇన్నింగ్స్, 14 స్ట్రైకవుట్లు, ఈఆర్ఏ 3.86. సీజన్ అయిపోయింది, ఇంటికి పంపారు. ఎక్కడ ఆపాలో పంచాంగమే చెప్పింది, ఎవరికీ ఆశ పుట్టే సమయం లేదు. కుర్ర పిచ్చర్‌ని పరిచయం చేయడానికి ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి నేను ఎక్కువ చూడలేదు.

చిక్కంతా 2025లో వచ్చింది. శిక్షణ శిబిరంలో స్టార్టర్ జాన్ గ్రేకి బంతి తగిలి మణికట్టు విరిగింది, ఇంకో స్టార్టర్ కోడీ బ్రాడ్‌ఫర్డ్‌కి మోచెయ్యి నొప్పి. రెండు ఖాళీలు ఒక్కసారిగా. లైటర్, రాకర్ ఇద్దరూ సీజన్ మొదటి రోజు నుంచే రొటేషన్‌లోకి వచ్చారు. అనుకుని తెచ్చిన పరిచయానికీ, అవసరం తెచ్చిన ఉద్యోగానికీ తేడా అక్కడే తెలిసింది. కుమార్ స్లైడర్ (చివర్లో పక్కకి తిరిగే బంతి) మొదట్నుంచీ పదునైనదే, దాని మీద ఎవరికీ అనుమానం లేదు. పేచీ ఫాస్ట్‌బాల్ దగ్గర. స్లైడర్‌ని బ్యాటర్ వదిలేస్తే, వెనకబడ్డ కౌంట్‌లో ఫాస్ట్‌బాల్‌తో స్ట్రైక్ వేయాల్సి వస్తుంది, అది దెబ్బలు తింది. మధ్యలో భుజం మొరాయించి కొన్నాళ్లు పక్కన కూర్చున్నాడు. 14 స్టార్ట్‌లు, 64.1 ఇన్నింగ్స్, ఈఆర్ఏ 5.74. జూలై ఆఖర్లో మెరిల్ కెలీ అనే స్టార్టర్‌ని వేరే క్లబ్ నుంచి తెచ్చుకున్నాక చోటు లేకపోయింది, ఆగస్టులో కుమార్‌ని రౌండ్ రాక్‌కి పంపారు.

బయట కనిపించని మూడు తేడాలు

ట్రిపుల్-ఏ ఎందుకు ముఖ్యం అంటే చాలామంది బ్యాటర్లు గట్టివాళ్లు కాబట్టి అంటారు. అదొక్కటే కాదు. మొదటిది బంతి. 2019 నుంచి ట్రిపుల్-ఏలో మేజర్ లీగ్ బంతినే వాడుతున్నారు, డబుల్-ఏ నుంచి కిందికి మైనర్ లీగ్ బంతి వేరు. కుట్లు వేలికి తగిలే తీరు మారుతుంది. స్లైడర్ మీద బతికే పిచ్చర్‌కి చూపుడు వేలూ మధ్య వేలూ కుట్టు మీద ఎక్కడ ఆనుతున్నాయి అన్నదే జీవితం. ట్రిపుల్-ఏలో రెండే స్టార్ట్‌లు ఆడి పైకి వెళ్లిన కుమార్‌కి అసలు బంతితో మ్యాచ్ అలవాటు ఎంతుంటుంది? కొత్త బంతితో ఒకడి స్లైడర్ రెండు అంగుళాలు తక్కువ తిరగడం నేను ట్రాకింగ్ ఫైళ్లలో చూశాను. ఆ కుర్రాడికి ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది, ఏమిటో చెప్పలేకపోతున్నాడు, కోచ్ మాత్రం మోచెయ్యి ఎత్తు సరిచేస్తూ కూర్చున్నాడు. బంతి మారిందని ఎవరికీ తట్టలేదు.

రెండోది వారం. 2021 నుంచి మైనర్స్‌లో సోమవారం సెలవు, మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే జట్టుతో ఆరు మ్యాచ్‌లు. ఆ లెక్కలో స్టార్టర్‌కి సుమారు వారానికోసారి వంతు వస్తుంది. పైన అయిదారు రోజులకోసారి వేయాలి. పైగా విమానాలు, ఊరు మారిన రాత్రి నిద్రలేమి. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తగ్గితే ఏమవుతుందని తీసిపారేసేవాళ్లకి చెప్పేదొకటే, రెండో నెలలో ఫాస్ట్‌బాల్ వేగం గ్రాఫ్ చూడండి.

మూడోది అంపైర్. ట్రిపుల్-ఏలో ఈ కుర్రాళ్లు ఆడిన రోజుల్లో స్ట్రైక్ జోన్‌ని యంత్రం తేల్చేది, కొన్నిసార్లు పూర్తిగా, కొన్నిసార్లు ఆటగాడు సవాలు చేసినప్పుడు. మేజర్స్‌లో అప్పుడు మనిషే. జోన్ అంచుల్లో బతికే పిచ్చర్‌కి ఒక చోట బాల్ ఇంకో చోట స్ట్రైక్ అవుతుంది. కింద వచ్చిన వాక్‌ల అంకెని పైకి యథాతథంగా మోసుకెళ్లకూడదు, అంచు బంతులు విడిగా లెక్కపెట్టి చూడాలి.

మరి స్కీన్స్?

"పాల్ స్కీన్స్ 34 ఇన్నింగ్స్‌తోనే పైకొచ్చి దున్నేశాడు కదా" అని ప్రతి వాదనలో ఒకరు లేస్తారు. నిజమే. 2023 డ్రాఫ్ట్ మొదటి ఎంపిక, 2024 మే 11న పిట్స్‌బర్గ్ పైరేట్స్ తరఫున తొలి మ్యాచ్, రెండో మ్యాచ్‌లో కబ్స్ మీద ఆరు ఇన్నింగ్స్ ఒక్క హిట్ ఇవ్వకుండా 11 స్ట్రైకవుట్లు, జూలైలో ఆల్-స్టార్ మ్యాచ్ స్టార్టర్, సీజన్ ఈఆర్ఏ 1.96, ఉత్తమ కొత్త ఆటగాడు. మరుసటి ఏడాది ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు.

ఇప్పుడు పక్కపక్కన పెట్టండి. మేజర్స్‌కి రాకముందు మైనర్స్‌లో క్లైడ్ సున్నా, స్కీన్స్ 34, రాకర్ 65 లోపు, లైటర్ సుమారు 190. తొలి సీజన్ అందరికన్నా ఘోరంగా ఆడింది ఎవరు? అందరికన్నా ఎక్కువ వేసిన లైటర్. కింద వేసిన ఇన్నింగ్స్ లెక్కతో అనుభవాన్ని కొలిస్తే ఇలాగే బోల్తా పడతాం. స్కీన్స్ ఎల్ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఒక్క సీజన్లో 122.2 ఇన్నింగ్స్‌కి 209 స్ట్రైకవుట్లు తీసి వచ్చాడు. దానికి మించి, స్ప్లిటర్, సింకర్ అనే కిందికి దిగే రెండు రకాల బంతులకీ మధ్య ఉండే బంతి ఒకటి అతని దగ్గర ఉంది. వంద మైళ్ల ఫాస్ట్‌బాల్‌కి సిద్ధపడిన బ్యాటర్‌కి అది కిందికి జారిపోతుంది, పైగా స్ట్రైక్ కావలసినప్పుడు స్ట్రైక్‌గానూ వేయగలడు. 2-0లో ఫాస్ట్‌బాల్ తప్ప ఇంకోటి వేయగలిగినవాడు పైన బతుకుతాడు.

పైరేట్స్ చేసిన పనీ చూడాలి. ట్రిపుల్-ఏ జట్టు ఇండియానాపొలిస్‌లో ఏడు స్టార్ట్‌లకి 27.1 ఇన్నింగ్స్ మాత్రమే వేయించారు, సగటున నాలుగు కూడా కాదు. 0.99 ఈఆర్ఏతో ఉన్నవాణ్ణి ఇంకా కిందే ఉంచారేమని అభిమానులు తిట్టిపోశారు. సర్వీస్ టైమ్ కోసం ఆపారన్నారు. ఆ లెక్క ఏమిటంటే, మేజర్స్‌లో 172 రోజులుంటే ఒక సంవత్సరం, ఆరు సంవత్సరాలైతే ఆటగాడు స్వేచ్ఛగా ఎక్కడికైనా పోవచ్చు, కాబట్టి కొన్ని వారాలు ఆలస్యంగా పిలిస్తే క్లబ్‌కి ఒక ఏడాది కలిసొస్తుంది. 2022 ఒప్పందంలో దీనికి ఒక విరుగుడు పెట్టారు, ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగ్‌లో మొదటి ఇద్దరికి ఏడాది మొత్తం సర్వీస్ ఇస్తారు. స్కీన్స్‌కి అలాగే దక్కింది. పైరేట్స్ ఉద్దేశం డబ్బా, చెయ్యా అన్నది వదిలేయండి, ఆ నెమ్మది వల్ల 133 ఇన్నింగ్స్ దగ్గర సీజన్ ఆరోగ్యంగా ముగిసింది.

జాగ్రత్తకి చెయ్యి ఎప్పుడూ లొంగుతుందని కాదు. 2010లో స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ని వాషింగ్టన్ ఎంతో ఆచితూచి తెచ్చింది, తొలి మ్యాచ్‌లో 14 స్ట్రైకవుట్లు, 12 స్టార్ట్‌ల తర్వాత టామీ జాన్. 2013లో మయామీ హోసే ఫెర్నాండెజ్‌ని హై-ఏ నుంచి నేరుగా తెచ్చింది, అదీ రొటేషన్‌లో గాయాల వల్లే, అతను ఈఆర్ఏ 2.19తో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు, మరుసటి మే నెలలో మోచెయ్యి పోయింది. మోచేతి సంగతి తెలుసని ఎవరైనా గట్టిగా చెబితే నేను నమ్మను.

పిలిచే ముందు కాగితం

ఇలాంటి కుర్రాడి మీద అభిప్రాయం అడిగితే నేను తయారుచేసే కాగితం చిన్నదే. సీజన్ ఈఆర్ఏ అందులో ఉండదు. మొదటి 18 మంది బ్యాటర్ల మీద ఎలా వేశాడు, అదే బ్యాటర్లు మూడోసారి వచ్చినప్పుడు ఎలా వేశాడు అని విడగొడతాను. ఎందుకంటే మూడోసారికి బ్యాటర్‌కి అన్నీ చూసేసిన ధీమా ఉంటుంది. ఎదుటి చేతివాటం బ్యాటర్ మీద అతని దగ్గర ఉన్న బంతి ఏది? కుడిచేతి పిచ్చర్‌కి స్లైడర్ ఒక్కటే ఉంటే ఎడమచేతి బ్యాటర్ మీద అది లోపలికి వచ్చి బ్యాట్‌కి సరిగ్గా తగులుతుంది. అన్నిటికన్నా ముందు చూసేది 2-0, 3-1 కౌంట్లలో ఏం వేశాడు, అది జోన్‌లో పడిందా అన్నది. కింద మెట్టులో ఈ వరుస గడులు కొన్ని ఖాళీగానే ఉంటాయి, మంచి కుర్రాడు అసలు వెనకబడడు కదా. ఖాళీ గడి అంటే బాగున్నట్టు కాదు, ఇంకా పరీక్ష జరగలేదని.

కాగితం కింది సగంలో పిలిచాక చేయాల్సింది ఉంటుంది. ఎన్ని బంతులకి ఆపాలి, వరసగా ఎన్నిసార్లు నాలుగో ఇన్నింగ్స్ లోపే దిగిపోతే కిందికి పంపాలి, పంపితే అక్కడ ఏ బంతి మీద పని, ఆ పని పూర్తయిందని ఎలా తెలుస్తుంది. ఇది కుర్రాడికి పిలిచిన రోజే చూపించాలని నా పట్టు. చాలా క్లబ్బుల్లో చూపించరు, టెన్షన్ పడతాడని. మేనేజర్ గదిలోకి పిలిచి "రేపు రౌండ్ రాక్‌కి వెళ్లు" అన్నప్పుడు పడే టెన్షన్ ఏమైనా తక్కువా?

కిందికి పంపడం శిక్షలా కనిపించకుండా ఉండాలంటే రాయ్ హాలడే సంగతి చెప్పాలి. టొరాంటోలో 1998లో రెండో స్టార్ట్‌లోనే ఒక్క అవుట్ దూరంలో నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) పోగొట్టుకున్న కుర్రాడు, 2000లో 67.2 ఇన్నింగ్స్‌కి 10.64 ఈఆర్ఏకి దిగజారాడు. 2001లో క్లబ్ అతన్ని ఏకంగా హై-ఏ డనీడిన్‌కి పంపింది. మెల్ క్వీన్ అనే కోచ్ చెయ్యి కోణం కిందికి దించి బంతి వేసే తీరంతా మార్చేశాడు. ఆ ఏడాదే తిరిగొచ్చాడు, 2003లో 22 గెలుపులతో సై యంగ్. అయితే అందరికీ మెల్ క్వీన్ దొరకడు, డనీడిన్ అనగానే బ్యాగు సర్దుకునే కుర్రాళ్లూ తక్కువే.

రేంజర్స్ విషయంలో నా తీర్పు ఇది. లైటర్‌ని డబుల్-ఏలో మొదలుపెట్టడం తప్పు, మధ్యలో ఆపడం ఒప్పు, 2024లో పైకి కిందికి తిప్పడం సగం సగం, ఎందుకంటే ఒక్కోసారి అతన్ని పిలిచింది రొటేషన్‌లో కంత పూడ్చడానికే. కుమార్‌ని 2024 సెప్టెంబర్లో పిలవడం సరైనదే. 2025 మార్చిలో మాత్రం ట్రిపుల్-ఏలో ఏడెనిమిది స్టార్ట్‌లు చేయించాల్సింది. దానికి క్లబ్ చలికాలంలోనే ఒక అనుభవమున్న ఆరో స్టార్టర్‌ని కొని పెట్టుకోవాలి, నాలుగైదు మిలియన్ల ఖర్చుతో అయిపోయే పని. కుర్రాళ్ల ఎదుగుదల గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పే క్లబ్బులు ఈ ఆరో వాడి దగ్గరే పిసినారితనం చూపిస్తాయి. అతను ఉంటే మణికట్టు విరిగిన రోజు ఖాళీ అతనితో నిండేది, కుమార్ ఫాస్ట్‌బాల్ పని ప్రశాంతంగా సాగేది.

2025 సీజన్ ముగిసేనాటికి కుమార్‌కి ఆప్షన్ సంవత్సరాలు ఇంకా ఉన్నాయి, అంటే క్లబ్ అతన్ని వదులుకోకుండానే మైనర్స్‌కి పంపి పని చేయించుకోవచ్చు. ఒక సీజన్లో ఇలా పంపడానికి 2022 నుంచి అయిదుసార్లు అనే హద్దు ఉంది. నేనైతే మళ్లీ పిలిచే ముందు అతని ఈఆర్ఏ చూడను. 2-0 వెనకబడ్డప్పుడు ఎడమచేతి బ్యాటర్‌కి వేసిన ఫాస్ట్‌బాల్స్‌లో ఎన్ని జోన్ అంచున పడ్డాయి, ఎన్ని నడిమధ్యకి జారాయి అన్నది రౌండ్ రాక్ ఫైళ్లలో ప్రతి వారం చూస్తాను. అది మారనంత వరకూ పైన ఎన్ని మణికట్లు విరిగినా వేరేవాణ్ణి వెతుక్కోమంటాను.